కదిలిందే పురుగు

గోదురుకప్ప మీద నాకు ఏ మాత్రం గౌరవం లేదు. జంతుశాస్త్రం చదివి, అదే శాస్త్రం పిల్లలకు చెప్పుకొని బతుకుతున్నదాన్ని, ఇలా రాయకూడదని తెలుసు. ప్రతి ప్రాణీ ప్రకృతి చేసిన అద్భుతమని మొదటి క్లాసులోనే చెప్పాలి. చెబుతాను, జీతం తీసుకుంటున్నాను కనుక. కానీ ఆ పులిపిర్ల ఒళ్లు, ఆ వెడల్పాటి మూతి, పక్కవాడు తన పొలం గట్టు జరిపాడన్నట్టు గుర్రుగా చూసే ఆ చూపు, వీటిలో నాకు అద్భుతం ఎన్నడూ కనిపించలేదు. అంత పెద్ద కళ్లు పెట్టుకొని అంత తక్కువ చూసే జీవి ఇంకొకటి ఉండదు. మనుషుల్ని పక్కన పెడితే.

మా ఊరు చౌటుప్పల్‌కు దగ్గర. మాది నేత ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం ఉంటుంది. నేసే మనిషి నేల మీదే కూర్చుని కాళ్లు గుంటలోకి వదులుతాడు. అడుగున ఉన్న చెక్కల్ని పాదాలతో తొక్కుతుంటే పైన నిలువుగా సాగిన పడుగు పోగులు రెండుగా విడిపోతాయి. ఆ సందులోంచి నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. నాడె కడుపులో కండె ఉంటుంది, కండెకు చుట్టిన నూలే పేక. పేక లేకపోతే గుడ్డ లేదు. ఎండాకాలంలో గాలి పొడిబారితే పోగులు తెగుతాయని నాయిన గుంటలో నీళ్లు చల్లేవాడు. ఆ చల్లదనానికి ఒక గోదురుకప్ప వచ్చి మూలన కాపురం పెట్టింది. తీసి బయట పారేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"దాని జోలికి పోకు బిడ్డా. గుంతలకు తేళ్లు రాకుంట కాస్తది అది," అనేది.

అది కాసేది ఏమీ లేదు, తన కడుపు నింపుకునేది. ఆ రెండింటికీ తేడా ఉందని అమ్మకు చెప్పి లాభం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను పీజీ చదివే రోజుల్లో, ఒక మధ్యాహ్నం నాయిన నేస్తూ నేస్తూ "అబ్బా" అని కాలు పైకి లాగాడు. తేలు కుట్టిందనుకొని అమ్మ కండెలు చుట్టే రాట్నం వదిలేసి ఉరికి వచ్చింది. గుంటలోకి చూస్తే కప్ప. చెక్క మీద ముందుకూ వెనక్కూ జరుగుతున్న నాయిన బొటనవేలిని పురుగనుకొని నాలుక విసిరింది. దానికి దొరికింది ఏమీ లేదు. అయినా గుటక వేసింది. ముందుకాలితో మూతి కూడా తుడుచుకుంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారే, అచ్చం అదే.

నాయిన కడుపు పట్టుకొని నవ్వాడు. "పాపం, ఉత్తదే మింగింది," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నోట్లో ఏమీ పడలేదన్న సంగతి నోటికే తెలియకపోతే ఆ తల ఎందుకు అనిపించింది. మా పాఠ్యపుస్తకంలో దాని చూపు గురించి కాస్త ఉంది, నేను అప్పటిదాకా మార్కుల కోసం బట్టీపట్టిన ముక్క. ఆ సాయంత్రం నాయిన మగ్గం దిగాక గుంట అంచున కూర్చొని కప్పకు పరీక్ష పెట్టాను.

మగ్గం ఉన్న ఇంట్లో తెగిన పోగులకు కరువుండదు. నల్ల పోగులు కొన్ని కలిపి పేని, గంజిలో ముంచి ఎండబెట్టాను. వేలెడు పొడవున పుల్లలా బిగుసుకుంది. దాని కొసకు సన్నటి పట్టుపోగు కట్టి, కప్ప ముందు నేల మీద పొడవునా లాగాను. వానపాము పాకినట్టు, తల ముందు, తోక వెనక. కప్ప మొదట ఒళ్లు అటు తిప్పింది. మెల్లగా దగ్గరికి జరిగింది. రెండు కళ్లూ దాని మీద నిలిపి, ఒక్క క్షణం ఆగి, నాలుక విసిరింది. గంజి పోగు నోట్లోకి పోయింది. కళ్లు మూసుకొని మింగబోయింది. ఈ జాతి కనుగుడ్లను లోపలికి నొక్కి, వాటితోనే తిండిని గొంతులోకి తోసుకుంటుంది. చూడవలసిన కళ్లను మింగడానికి వాడుకునే ప్రాణికి ఇంతకంటే మంచి చూపు ఎక్కడి నుంచి వస్తుంది? రుచి తెలిశాక కక్కేసి రెండు చేతులతో మూతి పీక్కుంది. నేను మళ్లీ లాగాను. మళ్లీ వచ్చింది.

తర్వాత అదే పోగును చిన్న మట్టిముద్దలో నిలువుగా గుచ్చి లాగాను. అదే నలుపు, అదే పొడవు, లాగే చేయీ అదే. పడుకొని పాకేది ఇప్పుడు నిలబడి నడుస్తోంది, అంతే. కప్పకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకా దగ్గరికి తెస్తే తల దించి నేలకు కరుచుకుపోయింది, భయపడింది కాబోలు.

దాని లోకజ్ఞానం మొత్తం ఇంతే. కదిలే దిక్కుకు పొడవుగా ఉంటే తిండి. అదే వస్తువు కదిలే దిక్కుకు అడ్డంగా నిలబడితే తిండి కాదు. పెద్దదై పైనుంచి మీదికి వస్తే శత్రువు, ఒళ్లు ఉబ్బించి కాళ్లు బిగబట్టాలి. అసలు కదలకపోతే అది లేనే లేదు.

ఈ చివరి మాట నేను ఊరికే అనడం లేదు. తొలకరి వానలకు దీపం చుట్టూ పురుగులు కుప్పలుగా రాలతాయి. చచ్చినవాటిని చేటలోకి ఎత్తి కప్ప ముందే పోశాను. పెళ్లి విందులాంటి తిండి. అది ఆ కుప్ప మధ్యనే కూర్చొని ఆకలితో ఎదురుగా గోడవైపు చూసింది. చీమలు వచ్చాయి. ఒక చచ్చిన పురుగును చీమలన్నీ కలిసి ఈడ్చుకుపోవడం మొదలుపెట్టగానే కప్పకు ఆ పురుగు కనిపించింది. టక్కున మింగింది, చీమలతో సహా. పక్కనే ఉన్న మిగతా కుప్ప దానికి కనిపించలేదు. అట్లాంటి మొద్దుతో ఒకే కప్పు కింద ఉన్నందుకు నాకు సిగ్గేసింది.

ఇందులో కంటి తప్పేమీ లేదని పుస్తకాలు అంటాయి. కన్ను చూసింది చూసినట్టు పంపుతుంది. మెదడులో ఒక భాగం కదిలేదాన్ని చూసి "పట్టు" అంటుంది. దానికి ముందు ఇంకో భాగం ఉండి "ఆగు, కదిలేవన్నీ పురుగులు కావు" అంటుంది. ఆ రెండోది దెబ్బతింటే కప్ప ఇంక చిన్నా పెద్దా చూడదు, కదిలే ప్రతిదాని మీదికీ ఎగబడుతుంది, తన చేయి కదిలినా సరే. అది చదివినప్పుడు మా చుట్టాలు చాలామంది కళ్ల ముందు కదిలారు. ఒక్క విషయంలో మాత్రం కప్ప మేలు. తేనెటీగ ఒకసారి నాలుక మీద కుడితే మళ్లీ దాని జోలికి పోదు. మనుషులకు ఆ మాత్రం కూడా పట్టుబడదు.

తర్వాత భువనగిరిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. అక్కడే గది కిరాయికి తీసుకొని, ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. కప్ప చూపు పాఠం చెబుతుంటే పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే, "పరీక్షల వస్తదా మేడమ్?" మా ప్రిన్సిపాల్ వరండాలో తిరుగుతూ కిటికీల్లోంచి తొంగి చూస్తాడు. ఆయన లెక్కలో బోర్డు ముందు అటూ ఇటూ నడుస్తూ చెప్పేవాళ్లు మంచి లెక్చరర్లు, కూర్చొని చెప్పేవాళ్లు బద్ధకస్తులు. ఆయన వింటున్నది నేనెప్పుడూ చూడలేదు. "జర యాక్టివ్‌గా ఉండాలె మేడమ్," అన్నాడొకసారి. అప్పటి నుంచి కిటికీలో ఆయన తల కనిపించగానే లేచి బోర్డు పొడవునా నడుస్తాను. తృప్తిగా వెళ్లిపోతాడు.

ఆదివారం బస్సులో వస్తుంటే దారి పొడవునా వెంచర్లు. హద్దురాళ్లు పాతి, రంగురంగుల జెండాలు కడతారు. జెండాలు లేనప్పుడు అది పల్లేరుకాయలు మొలిచే పడావు భూమి, ఏ కారూ ఆగదు. జెండాలు రెపరెపలాడాయా, హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు వరసగా ఆగుతాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆడవాళ్లు, పొట్టలు ముందుకు వచ్చిన మగవాళ్లు దిగి, ఆ రాళ్ల మధ్య నిలబడి ఫోటోలు దిగుతారు. బస్సు కిటికీలోంచి వాళ్లను చూసినప్పుడల్లా మా గుంటలోని కప్ప కాస్త తెలివైనదే అనిపించేది.

లాక్‌డౌన్ తర్వాతి ఏడాది నాయిన పోయాడు. మగ్గం మీద ఆయన సగం నేసిన చిటికి చీర అలాగే ఉండిపోయింది. పోగులకు ముందే రంగులద్ది నేసే చీర అది. ఆయన చివరిసారి నాడె ఆపిన చోట ఒక చిలక బొమ్మ మెడ దాకా వచ్చి ఆగింది, తల ఇంకా పడుగులోనే ఉంది.

అమ్మ ఆ గదిలోనే మంచం వేయించుకొని గోడవైపు తిరిగి పడుకుంది. దినాలయ్యాక లేస్తుందనుకున్నాం. లేవలేదు. తమ్ముడి భార్య కంచం పట్టుకొని బతిమాలితే రెండు ముద్దలు తినేది. మోకాళ్లు బిగుసుకుపోయాయి. దవాఖానకు తీసుకుపోతే, కాళ్లు ఆడించకపోతే ఈమె ఇక మంచం దిగదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. నేను ప్రతి ఆదివారం వచ్చి అమ్మ కాళ్లు ఒత్తాను, బతిమాలాను, ఏడ్చాను, కోప్పడ్డాను. గోడకు చెప్పినట్టే అయింది. అమ్మ కూడా నాయిన వెనకే పోతుందని నాకు భయం పట్టుకుంది. బస్సు దిగి సందు మలుపు దాకా గబగబా నడిచి, మా వాకిట్లో జనం లేరని చూశాకే నెమ్మదించేదాన్ని.

నా తమ్ముడు మాత్రం మామూలుగానే ఉన్నాడు. వాడు చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజర్. నేతింట్లో పుట్టి నాడె పట్టనని పంతం పట్టినవాడు. ఇంటికి వస్తే ఫోను. బొటనవేలు పైకి జరుగుతుంది, కళ్లు దాని వెంట జరుగుతాయి, ఒక్కోసారి తనలో తనే నవ్వుకుంటాడు. అమ్మ మంచం పక్కన వాడు కూర్చున్నది నేను చూడలేదు. అమ్మ కదలదు కదా, వాడికెలా కనిపిస్తుంది అనుకునేదాన్ని.

ఒక ఆదివారం వచ్చేసరికి వాకిట్లో ట్రాక్టరు ఇసుక దించుతోంది.

"గుంత పూడిపిస్తున్నక్కా," అన్నాడు తమ్ముడు, ఫోనులోంచి తల ఎత్తకుండా. "మీద బండలు పరిపిస్త. కంపెనీల చేసే పోరగాండ్లకు కిరాయికియ్యొచ్చు. గంత జాగ ఊకెనే పడున్నది."

"అది నాయిన మగ్గంరా."

"మగ్గం నడుస్తలేదు గద."

"అమ్మ కండ్ల ముందట పూడుస్తవా? బతుకుతదా అమ్మ?"

ట్రాక్టరు డ్రైవర్‌కు ఎటు దించాలో వాడు చేత్తో చూపించాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, చిన్నప్పటి నుంచీ అంతే. నడవని మగ్గం వాడికి మగ్గం కాదు, లేవని అమ్మ అమ్మ కాదు. ఆ రోజు వాడిని నా నోటికి వచ్చినన్ని అన్నాను. పడుకున్న అమ్మకు అన్నీ వినిపించాయి. బస్సులో భువనగిరికి తిరిగి వెళ్తూ, వచ్చేసరికి గుంట ఉండదు, ఎక్కువ రోజులు అమ్మా ఉండదు అనుకున్నాను.

తర్వాతి ఆదివారం సందు మలుపులోనే మగ్గం చప్పుడు వినిపించింది. టక, టక. మా ఇంటిదే. పరుగెత్తాను. అమ్మ మగ్గం మీద ఉంది. కాళ్లు గుంటలో, జుట్టు ముడి వేసుకొని, ఒక్కో తొక్కుకూ నొప్పితో మొహం చిట్లిస్తూ.

తమ్ముడు తలుపు దగ్గరే ఉన్నాడు. "అమ్మ మగ్గం ఎక్కింది. గిప్పుడు పూడిస్తే మంచిగుండది. మేస్త్రిని జర ఆగమన్న. సూద్దాం," అన్నాడు.

చూద్దామట! మగ్గం కదిలింది కనుక వాడికి కనిపించింది. నాకు అమ్మను చూసి ఏడుపు, వాడిని చూసి ఒళ్లుమంట ఒకేసారి వచ్చాయి. వారాలు గడిచాయి. అమ్మ కంచం ముందు తనంతట తానే కూర్చునేది. కర్ర పట్టుకొని వాకిట్లోకి వచ్చి ఇసుక కుప్ప వైపు పాము వైపు చూసినట్టు చూసి, మళ్లీ లోపలికి వెళ్లి మగ్గం ఎక్కేది. తమ్ముడు ఇంట్లో ఉన్నంతసేపూ మగ్గం ఆగేది కాదు.

ఒక ఆదివారం అమ్మ నేస్తుంటే పక్కన కూర్చొని గుంటలోకి తొంగి చూశాను. కప్ప మూలనే ఉంది, పాత మొహంతోనే. దాన్ని తిట్టుకుంటూ తల ఎత్తితే నా కళ్లు గుడ్డ మీద పడ్డాయి. చిలక. మెడ దాకానే ఉంది. ఇన్ని వారాలుగా నేస్తుంటే దానికి ఇంకా తల రాలేదు. అమ్మను ఆపి చేతిలోంచి నాడె తీసుకున్నాను. దాని కడుపులో ఉన్నది ఉత్త కండె, దారం చుట్టని బోడి పుల్ల. అమ్మ ఇన్ని రోజులుగా గాలి నేస్తోంది.

"ఊకో," అంది అమ్మ గుసగుసగా, నాడె లాక్కొని. "వాడు వాకిట్లనే ఉన్నడు. సప్పుడు ఆగొద్దు."

"దారం ఎక్కించుకోరాదే?"

"మీ నాయిన నేసినదాని మీద నా పోగు ఎందుకు బిడ్డా? అది గట్లనే ఉండనీ. గుంత పూడ్వకుంటె సాలు."

మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ వెంటనే తమ్ముడి మీద పుట్టిన చులకన ఇంతా అంతా కాదు. నేతగాడి కడుపున పుట్టి, ఈ చప్పుడులోనే పెరిగి, ఉత్త మగ్గం ఆడుతుంటే చీర తయారవుతోందనుకుంటున్నాడు. గంజి పోగును మింగిన కప్ప అయినా రుచి చూసి కక్కింది. వీడు ఇన్ని వారాలుగా గుటకలు వేస్తూనే ఉన్నాడు. అమ్మ గుట్టు బయట పెట్టకుండానే వాడిని నాలుగు దులపాలని వాకిట్లోకి వచ్చాను.

వాడు ఇసుక కుప్ప పక్కన బండి తుడుస్తున్నాడు. కుప్ప మీద అప్పటికే గరిక మొలిచింది.

"గీ ఇసుక ఎత్తిపొయ్యిరా," అన్నాను. "దీన్ని సూసినప్పుడల్ల అమ్మ పానం కొట్టుకుంటున్నది. నీకు కండ్లు లేవా?"

"తియ్య," అన్నాడు.

"ఎందుకు తియ్యవు? అమ్మ మంచిగ నేస్తున్నది గద?"

వాడు గుడ్డను బండి మీద పెట్టి తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"నేస్తలేదక్కా. ఉత్త కండె ఏసుకొని ఆడిస్తున్నది. దారమున్న నాడె సప్పుడు గిట్లుండది. పుట్టినప్పటిసంది విన్నం గద, నీకు తెల్వలేదా?"

నాకు తెలియలేదు. చిలకను చూసేదాకా తెలియలేదు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాను.

"ఎక్కిన దినం నుంచే." వాడు మళ్లీ గుడ్డ తీసుకున్నాడు. "పూడుద్దామనే తెచ్చిన, అబద్ధమెందుకు. గని ట్రాక్టర్ల నుంచి ఇసుక దిగిన దినం రాత్రే అమ్మ మంచం దిగింది. నువ్వు గన్ని ఆదివారాలు కాళ్లు ఒత్తితే దిగిందా? ఇసుక తీసేసిన్ననుకో, మల్ల గోడ దిక్కు తిరుగుతది. అమ్మకు చెప్పకు."

వాడి మీద అన్నేళ్లుగా పెంచుకున్న ఏహ్యభావమంతా ఒక్కసారిగా నా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఎవరి మీద ఉమ్మాలో తెలియక ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు నన్ను పట్టించుకోలేదు. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయి కాసేపయిందని నేను గమనించేలోగా వాడు గమనించాడు.

"అమ్మా," అని గట్టిగా, ఇంట్లోకి వినిపించేలా కేక వేశాడు. "మేస్త్రి వచ్చే వారం వస్తనన్నడు!"

లోపల మగ్గం మొదలైంది.